అసలులో చేరని శనివారాలు

“సంతకం పెట్టడానికి కూడా ఇంత ఆలోచనా? నిన్నేమైనా పరీక్ష రాయమన్నానా?” అన్నాడు మా ఆయన.

నా చేతులు రెండూ ఉప్పూ పసుపూ పట్టించిన కోడిమాంసంలో ఉన్నాయి. ఆయన తెచ్చిన కాగితాల దొంతరని స్టవ్ పక్కన, సరిగ్గా నూనె చిందే చోట పెట్టాడు. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిల్‌తో ఇంటూ గుర్తులున్నాయి. చదవాల్సిన చోట మాత్రం ఏ గుర్తులూ లేవు. “చేతులు కడుక్కోనివ్వండి,” అన్నాను. “సోమవారం బ్యాంకులో అపాయింట్‌మెంట్ ఉంది. ఈలోగా ఎప్పుడో ఒకప్పుడు పెట్టెయ్,” అని టీవీ ముందుకి వెళ్ళిపోయాడు. ఆ పూట నేను ఏ బంగాళాదుంపలో తరుగుతూ ఉండుంటే చెయ్యి కొంగుకి తుడుచుకుని అక్కడికక్కడే పెట్టేసేదాన్ని. ఇన్నేళ్ళ కాపరంలో అలా ఎన్ని కాగితాల మీద పెట్టలేదు! ఆ కోడి చచ్చి నన్ను కాపాడింది.

కూర పొయ్యి మీద పెట్టి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని కాగితాలు తీశాను. రిఫైనాన్స్ కాగితాలు, పైన మా ఆయన పేరు సుందర్ రాజ్, కింద నా పేరు దేవకుమారి. అదేమిటో నాకు తెలియకపోలేదు. ఆ ఏడు, ఎనభై ఆరులో, న్యూజెర్సీలో ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు కలిసినా అదే మాట. మేం ఇల్లు కొన్న ఎనభై రెండులో వడ్డీ పదమూడున్నర శాతం. ఇప్పుడది పదికి దిగింది. పాత అప్పు మూసేసి, తక్కువ వడ్డీకి కొత్త అప్పు రాయించుకుంటే కిస్తీ తగ్గుతుంది. తెలివైన పనే, కాదనను. కానీ మొదటి పేజీలోనే ఒక అంకె కనబడింది. మేమింకా బ్యాంకుకి బాకీ ఉన్నది యాభైతొమ్మిది వేల మూడు వందల ఎనభై అయిదు డాలర్లట. మేం తీసుకున్నదే అరవై వేలు.

నేను నర్సుని. డాక్టరు స్వయంగా రాసిన మందైనా సరే, సీసా మీద పేరు రెండోసారి చదవకుండా సూదిలోకి ఎక్కించను. ఆస్పత్రిలో దాన్ని జాగ్రత్త అంటారు, ఇంట్లో అనుమానం అంటారు. “మీ ఆవిడకి అన్నీ అనుమానాలేరా” అని మా అత్తగారు పెళ్ళైన కొత్తలో ఒకసారి అన్నారు. ఆవిడ మర్చిపోయి ఉంటారు గానీ కొడుకు ఆ మాటని ఆస్తిలాగా దాచుకున్నాడు. కరెంటు బిల్లు గురించి అడిగినా, ఆఫీసు నుంచి ఆలస్యం ఎందుకైందని అడిగినా అదే తీసి ఇస్తాడు. అందుకే నేను ఆ అంకె గురించి వెంటనే అడగలేదు.

ఇంతకీ నాకు ఆ అంకె ఎందుకు గుచ్చుకుందో చెప్పాలి. ఇల్లు కొన్నప్పుడు బ్యాంకాయన మాకో మాట చెప్పాడు. నెలనెలా కట్టే కిస్తీకి తోడు ఇంకొంత డబ్బు అసలులో జమ వేస్తే అప్పు చాలా ఏళ్ళు ముందే తీరిపోతుందట. ఇంటికొచ్చి మా ఆయన భోజనాల బల్ల మీద కాగితం పెట్టి లెక్క వేశాడు. “దేవీ, నువ్వు శనివారం విడిచి శనివారం ఒక షిఫ్ట్ ఎక్కువ చేశావనుకో. ట్యాక్సులు పోను నెలకి రెండొందలు. అదంతా ప్రిన్సిపల్‌కి కట్టేద్దాం. ముప్పై ఏళ్ళ అప్పు పదకొండేళ్ళలో ఫినిష్. షారోన్ కాలేజీకి వెళ్ళేనాటికి ఇల్లు మనది,” అన్నాడు. మరి మీరు, అని అడిగాను. “నాది ఇంజనీర్ ఉద్యోగం. మాకు ఓవర్‌టైం ఉండదు,” అన్నాడు. అదేదో డిగ్రీతో పాటు ఇచ్చిన పతకంలాగా అన్నాడు. ఆయన ఈ దేశానికి వచ్చింది నా నర్సు వీసా మీద. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, నేను కూడా.

ఆ నెల నుంచే మొదలుపెట్టాను. వారమంతా పగలు డ్యూటీ చేసి, శుక్రవారం సాయంత్రం మిగతావాళ్ళు కాళ్ళు చాపుకునే వేళకి నేను మర్నాటి యూనిఫాం ఇస్త్రీ చేసుకునేదాన్ని. షారోన్‌కి అప్పుడు ఆరేళ్ళు. శనివారాలు పక్కింటి అమెరికన్ ఆవిడ దగ్గర వదిలేవాళ్ళం, ఎందుకంటే వాళ్ళ నాన్నకి శనివారం కారు కడుక్కునే పనీ, లాన్ కోసే పనీ ఉండేవి. ఒకసారి స్కూల్లో ఇంటి బొమ్మ వెయ్యమంటే అందులో నాన్న ఉన్నాడు, తనుంది, పక్కింటి ఆవిడ కుక్క కూడా ఉంది. నేను లేను. మరి నేనేదే అంటే, “ఇది సాటర్‌డే బొమ్మ మమ్మీ. సాటర్‌డే మమ్మీ లేదు,” అంది. ఆస్పత్రి లాకర్ రూంలో ఆ మాట గుర్తొచ్చి ఒకరోజు గట్టిగా ఏడ్చాను. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఫరవాలేదు, ఇల్లు తీరిపోతోంది కదా అనుకున్నాను.

తీరిపోతోందో లేదో చూసుకునే వీలు మాత్రం నాకు లేదు. ఇద్దరి జీతాలూ ఒకే ఖాతాలోకి వెళ్తాయి. చెక్ బుక్ ఆయన బ్రీఫ్‌కేసులో ఉంటుంది. “నీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెడితే కూపన్లతో పాటు చించి పారేస్తావు,” అంటాడు. వారానికింత అని నా చేతికి సరుకుల డబ్బులిచ్చి, చిల్లర రసీదుతో సహా వెనక్కి తీసుకుంటాడు. అయిదుగురు రోగుల ప్రాణాలు నా చేతిలో పెట్టిన ఆస్పత్రి కూడా నన్ను అన్ని ప్రశ్నలు అడగదు.

మర్నాడు లంచ్ టైంలో అకౌంట్స్ ఆఫీసుకి, జయంతి దగ్గరికి వెళ్ళాను. జయంతి వరంగల్ పిల్ల. నర్సుల డ్యూటీ చార్టులు నేను వేస్తాను కాబట్టి, కిందటేడు ఆస్పత్రికి కంప్యూటర్ వచ్చినప్పుడు స్ప్రెడ్‌షీట్ అంటే ఏమిటో తనే నేర్పింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ వాటంతటవే మారిపోతాయి. నాకది మొదటిరోజు నుంచీ నచ్చింది. మా ఇంట్లో నేనేం మార్చినా ఏదీ మారదు మరి.

“ఇంటి అప్పు లెక్క దీన్లో వెయ్యొచ్చా జయంతీ?”

“ఎందుకెయ్యరాదు దేవక్కా? నేనింకా ప్లెయిన్స్‌బరోల కిరాయికి ఉంటున్ననంటే దీని పుణ్యమే. ఇల్లు కొందామని లెక్క వేసిన, వడ్డీ చూసి రెండు దినాలు అన్నం తినబుద్ధి గాలే,” అని కుర్చీ నా వైపు జరిపింది. “మొదటి గడిల బ్యాలన్స్ పెట్టు. దాన్ని రేటుతోని మల్టిప్లై చెయ్యి, పన్నెండుతోని డివైడ్ చెయ్యి. గది ఆ నెల వడ్డీ. కిస్తీల నుంచి వడ్డీ తీసెయ్యి. మిగిలిందే ప్రిన్సిపల్‌కి పోతది. కింది వరసల కొత్త బ్యాలన్స్ వస్తది. గంతే, ఇంగ కాపీ చేసుకుంట పోవుడే.”

మొదటి వరస వేశాను. కిస్తీ ఆరు వందల ఎనభై ఏడు డాలర్లు. అందులో వడ్డీ ఆరు వందల డెబ్భై అయిదు. అసలులోకి వెళ్ళింది పన్నెండు. నేనేదో తప్పు కొట్టాననుకుని చెరిపేసి మళ్ళీ వేశాను. మళ్ళీ పన్నెండే. మేమిద్దరం నెలంతా కష్టపడి కడితే ఇంటి తలుపు గొళ్ళెం ఖరీదు కూడా తీరడం లేదు. అప్పుడర్థమైంది నాకు, పైన కట్టే రెండొందల విలువేమిటో. ఆ కిస్తీ అంతా కలిసి చెయ్యలేని పని నా రెండు శనివారాలు చేస్తున్నాయన్నమాట. ఎందుకో ఛాతీ కాస్త పొంగింది.

జయంతి చెప్పినట్టు కాపీ చేసుకుంటూ ఈ నెల దాకా దిగాను. తెర మీద అడుగున నిలబడిన అంకె యాభైతొమ్మిది వేల మూడు వందల ఎనభై అయిదు. మా ఆయన తెచ్చిన కాగితంలో ఉన్నదీ అదే. ఇప్పుడు నెలకి రెండొందలు అసలులో కలుపుతూ పక్కనే ఇంకో లెక్క వేశాను. అది దిగి దిగి నలభైతొమ్మిది వేల మూడు వందల దగ్గర ఆగింది. నేను రెండు అంకెల వంకా అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాను. మధ్యలో పదివేల డాలర్లు లేవు.

జయంతి కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది. దాని నోటికి అది చాలా పెద్ద పని. “అక్కా, మీ ఆయన కట్టిన పైసలు బ్యాంకోళ్ళు ఎక్కించలేదా? లేకుంటే ఈయన కట్టనే లేదా?”

బ్యాంకుదే తప్పయి ఉండాలని ఎంత గట్టిగా కోరుకున్నానో ఆ దేవుడికే తెలుసు. అప్పులో నా పేరు కూడా ఉంది కాబట్టి అక్కడి నుంచే ఫోన్ చేశాను. అవతల ఆవిడ చాలా మర్యాదగా, ఓపిగ్గా రెండుసార్లు వెతికి చెప్పింది. కిస్తీలన్నీ టైంకి వచ్చాయి, మంచి కస్టమర్లు మీరు, కానీ ప్రిన్సిపల్‌కని అదనంగా మీ నుంచి ఎప్పుడూ ఏమీ రాలేదు మేడమ్ అంది. థాంక్యూ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ థాంక్యూ ఎందుకు చెప్పానా అనిపించింది.

అక్కడి నుంచి నా బుర్రకి నిద్రాహారాలు లేవు. పదివేలలో వడ్డీ కలిసొచ్చేది కొంత తీసేసినా, నా చేతి కష్టం ఎనిమిది వేలు ఎక్కడికో పోయింది. ఎక్కడికి? ముందు నాకు తట్టింది దామోదర్. మా ఆయన స్నేహితుడు. సబ్బులూ బట్టల పౌడర్లూ ఒకరి చేత ఒకరికి అమ్మించే వ్యాపారంలో తెలుగువాళ్ళనందర్నీ చేర్చాలని తిరుగుతుంటాడు. గరాజ్‌లోకి వెళ్ళి అట్టపెట్టెలన్నీ విప్పి చూశాను. పాత బూట్లు తప్ప సబ్బు ముక్క లేదు. తర్వాత ఆడమనిషి అనుకున్నాను. ఉతకడానికి వేసిన చొక్కా తీసి వాసన చూశాను. అందులో మా ఆయన చెమట వాసనే ఉంది, అది కాక నేను పెట్టిన ఉల్లిపాయ పచ్చడి. పొద్దున బల్ల దగ్గర ఆయన సీరియల్ తింటూ పేపర్ తిప్పుతుంటే ఆ వేళ్ళ వంక చూసేదాన్ని. ఈ వేళ్ళే కదా చెక్కులు రాసేవి అనుకునేదాన్ని. పక్కమీద పడుకున్న మనిషి రోజూ చూసే మనిషేనా అని కూడా అనుమానం వచ్చింది. అనుమానపు మనిషి అని పేరైతే ఎప్పుడో వచ్చింది, అసలు అనుమానపడటం ఎలా ఉంటుందో ఆ వారమే తెలిసింది.

గురువారం షారోన్‌ని స్విమ్మింగ్ నుంచి తీసుకొస్తూ కార్లో అడిగాను. ఎదురుగా ముఖం చూసుకోనక్కర్లేదు కాబట్టి కారే మంచిదనిపించింది.

“ఏమండీ, నా శనివారాల డబ్బు ప్రతి నెలా కడుతున్నారు కదా?”

ఆయన అద్దంలో వెనక కారు చూస్తున్నట్టు నటించాడు. “ఏం, ఇప్పుడెందుకొచ్చింది?”

“ఊరికే.”

“పోవాల్సిన చోటికే పోతోంది. నీకన్నీ అనుమానాలే,” అన్నాడు. తర్వాత కాస్త మెత్తగా, “ఈ రిఫైనాన్స్ అయిందనుకో, నెలకి నూట అరవై పైన మిగులుతుంది దేవీ. అప్పుడు నీకు కష్టం ఉండదు,” అన్నాడు.

“అయితే శనివారాలు మానెయ్యొచ్చా?”

“అదేంటి, అవి మానెయ్యడమెందుకు? అలవాటైపోయింది కదా నీకు.”

వెనక సీట్లో షారోన్ తడి జుట్టు తుడుచుకుంటూ మా ఇద్దరి మాటలూ వింటోంది. దానికి తెలుగు పలకడం సరిగ్గా రాదు గానీ అర్థం మాత్రం అంతా అవుతుంది. “నాకు అలవాటు అవలేదు డాడీ,” అంది. ఆయన రేడియో పెట్టాడు.

శుక్రవారం లంచ్‌లో మళ్ళీ జయంతి కుర్చీలో కూర్చున్నాను. ఆ డబ్బు ఎటు పోయిందో తెర చెప్పదు, కానీ ఇక ముందు పోయేదేమిటో చెప్తుంది. వడ్డీ గడిలో పది పెట్టాను. మా ఆయన రాయించుకొచ్చిన ముప్పై ఏళ్ళకి కిస్తీ అయిదొందల ఇరవై ఒకటి. ముప్పై తీసేసి పదిహేను పెట్టాను. ఆరు వందల ముప్పై ఎనిమిది. నేను నోరు తెరుచుకుని చూశాను. పదిహేనేళ్ళలో తీరిపోయే అప్పు, ఇప్పుడు మేం కడుతున్న దానికంటే దాదాపు యాభై తక్కువ. పైన ఒక్క డాలరు కలపనక్కర్లేదు. అంటే ఒక్క శనివారం కూడా చెయ్యనక్కర్లేదు. షారోన్ కాలేజీకి వెళ్ళేనాటికి కాదులే, ఆ మాట గంగలో కలిసింది. కానీ నాకు యాభై దాటేసరికి ఇల్లు మాదవుతుంది. ఈ లెక్క ఇంజనీరుకి తెలియక కాదు. తెలిసే మళ్ళీ ముప్పై రాయించాడు. ఆయనకి మిగిలే నూట అరవై కావాలి, నా శనివారాలూ కావాలి.

“ఏం చేస్తవ్ అక్కా?” అంది జయంతి.

“ముందు డబ్బెటు పోయిందో తెలియాలి,” అన్నాను. “తెలియకుండా సంతకం పెట్టను.”

తెలుసుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నేను వెతుక్కుంటూ పోనక్కర్లేకపోయింది, మైకులో చెప్పారు.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడుకునేది. వాళ్ళ ఆరాధన అయ్యాక హాలు మాకు అద్దెకిస్తారు. గుంటూరు, కాకినాడ, నర్సాపురం వైపు కుటుంబాలు, అన్నీ కలిపి ఒక పాతిక దాకా ఉంటాయి. భోజనాలు వంతులవారీగా ఆడవాళ్ళవి. ఆ వారం వంతు నాది. హాలుకి ఆనుకుని వంటగది, మధ్యలో పళ్ళాలు అందించడానికి గోడకి ఒక కిటికీ. వాక్యోపదేశం అయ్యేసరికి అన్నం వేడిగా ఉండాలి కాబట్టి నేను ఆ కిటికీ వెనక నిలబడి కోడికూర గిన్నె కింద మంట సరిచేస్తున్నాను. మా సంఘకాపరి ఆమోసు అయ్యగారు ప్రసంగం ముగించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఏదో సంతోషవార్త చెప్పేముందు ఆయనకది అలవాటు.

“దేవునికి స్తోత్రం. మన సొంత మందిరానికి డౌన్ పేమెంట్ పూర్తయింది,” అన్నారు. హాలంతా చప్పట్లు. “ఈ సందర్భంలో ఒక మాట. ఎనభై రెండులో మందిరం ఫండ్ మొదలుపెట్టిన నెల నుంచి ఈ నెల దాకా ఒక్క నెల తప్పకుండా రెండు వందల డాలర్లు ఇచ్చిన కుటుంబం మనలో ఉంది. సొంత ఇంటి అప్పు నెత్తిన ఉండగా, దేవుని ఇంటికి ఇచ్చారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వని మనిషి. అయినా ఈ రోజు చెప్పకుండా ఉండలేను. బ్రదర్ సుందర్ రాజ్ గారూ, ముందుకి రండి. మందిరం గోడకి రాయి వేయిస్తున్నాం. దాని మీద మొదటి పేరు మీదే.”

ఆ ఎడమచెయ్యి గరిటె పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది.

నిజం చెప్పాలంటే ముందు నా గుండె తేలికపడింది. ఆడమనిషి లేదు, సబ్బులు లేవు. ఇంతేనా అనుకున్నాను. మా ఆయన ముందుకి నడిచి వెళ్ళి తలవంచుకుని నిలబడితే ఆయన భుజాల మీద శాలువా కప్పారు. అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడు మొదలైంది కోపం, పాదాల నుంచి పైకి పాకింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా సొమ్ము ఆయన దానం చేశాడు. అత్తగారి పేరైనా ఊళ్ళో నలుగురికీ తెలుస్తుంది, నా పేరు ఎవరికీ తెలియదు. అడిగితే నేను ఇవ్వననా? నేనూ ప్రార్థన చేసుకునే మనిషినే. రెండొందలు కాకపోతే యాభై ఇచ్చేదాన్ని, సంతోషంగా ఇచ్చేదాన్ని. ఆయన అడగలేదు. ఇల్లు తీరుతోందని చెప్పి తీసుకున్నాడు. ఆయన జీతంలోంచి ఒక్క డాలరు కదలకుండా భక్తుడయ్యాడు. నా కూతురి బొమ్మలో నేను లేని చోట ఒక రాయి లేస్తోంది, దాని మీద ఆయన పేరు చెక్కుతున్నారు.

అయ్యగారి భార్య కరుణమ్మగారు వంటగదిలోకి వచ్చి నన్ను కావలించుకున్నారు. “ధన్యురాలివమ్మా దేవకుమారీ. ఇలాంటి భర్త ఎంతమందికి దొరుకుతాడు?” అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు. ఆవిడ తప్పేముంది? నేనేమని చెప్పను? మా ఆయన నా డబ్బు దేవుడికిచ్చాడమ్మా అని ఏడిస్తే, దేవుడికి ఇచ్చినందుకు ఏడ్చే ఆడదాన్నవుతాను. ఇంటికెళ్ళి అడిగితే ఆయన అదే అంటాడని నాకు తెలుసు. దేవుడి దగ్గర కూడా లెక్కలా అంటాడు. నీకన్నీ అనుమానాలే అంటాడు. సోమవారం పొద్దున కాగితాలు, పెన్ను, పెన్సిల్ గుర్తులు నా ముందుకొస్తాయి. ఇంకో ముప్పై ఏళ్ళు.

మా ఆయన తలెత్తి కిటికీ వైపు చూశాడు. మా కళ్ళు కలిశాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు శాలువా సర్దుకున్నాడు. ఆ ఒక్క కదలికతో నాకున్న ఆఖరి సందేహం పోయింది. తెలియక చేసిన పని కాదది.

“ఇప్పుడు సాక్ష్యాలు,” అన్నారు అయ్యగారు. మా సంఘంలో ఆరాధన చివర్లో ఎవరైనా లేచి తమకి దేవుడు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఆడవాళ్ళైనా సరే, పిల్లలైనా సరే. సాక్ష్యం చెప్పేవాళ్ళని ఎవరూ మధ్యలో ఆపరు. ఒకాయన తన గ్రీన్ కార్డు గురించి అరగంట చెప్పినప్పుడు కూడా ఆపలేదు. చివర్లో అందరూ ఆమెన్ అనాలి, అంతే. నేను షారోన్ పుట్టినప్పుడు తప్ప ఎప్పుడూ చెప్పలేదు. “సిస్టర్ దేవకుమారి గారు కూడా రెండు మాటలు చెప్తే బాగుంటుంది,” అని అయ్యగారు నవ్వుతూ కిటికీ వైపు చూశారు.

మంట తగ్గించాను. చేతులు కడుక్కున్నాను, సబ్బుతోనే. కొంగు తలమీదుగా కప్పుకుని హాల్లోకి నడిచాను. మా ఆయన మొదటి వరసలో కూర్చుని నా వైపు చూసి చిన్నగా తలాడించాడు, రెండు ముక్కలు చెప్పి వచ్చెయ్ అన్నట్టు. షారోన్ వెనక పిల్లల మధ్య నుంచి మెడ సాచి చూస్తోంది. నాకు ఆస్పత్రిలో రోగి ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతే వచ్చింది, అది నాకు అలవాటు.

“సంఘానికి వందనాలు,” అన్నాను. “నేను మాటకారిని కాదు. నాకు మంచి ఆరోగ్యం ఇచ్చినందుకు దేవునికి స్తోత్రాలు. మూడేళ్ళు దాటింది, శనివారం విడిచి శనివారం ఆస్పత్రిలో ఎక్కువ షిఫ్ట్ చేస్తున్నాను. అయ్యగారు చెప్పిన రెండు వందలూ ఆ షిఫ్ట్ డబ్బులే. ఇంటి అప్పుకి పోతున్నాయనుకున్నాను. మందిరానికి పోతున్నాయని నాకు ఇప్పుడే తెలిసింది.”

ఎవరో పెద్దాయన అలవాటు కొద్దీ “స్తోత్రం” అన్నాడు. ఇంకెవరూ అనలేదు. కరుణమ్మగారు కిటికీలోంచి చూస్తున్నారు, చేతిలో నా గరిటె ఉంది. మా ఆయన వంక నేను చూడలేదు.

“దేవుడు నా ప్రార్థన విన్నాడు,” అన్నాను. “రేపు మేం బ్యాంకుకి వెళ్ళి ఇంటి అప్పు పదిహేనేళ్ళకి మార్చి రాయించుకుంటున్నాం. కిస్తీ తగ్గుతోంది. అందుకని వచ్చే శనివారం నుంచి నేను పనికి వెళ్ళడం లేదు. నా కూతురితో ఇంట్లో ఉంటాను. అలా అని కానుక ఆగుతుందని ఎవరూ అనుకోవద్దు. ఇక నుంచి ఆ రెండు వందలూ మా వారు తన జీతంలోంచి ఇస్తారు. రాయి మీద పేరు వేయించుకున్నాక మాట తప్పే మనిషి కాదు. ఆయన కోసం మీరందరూ ప్రార్థన చెయ్యండి.”

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమోసు అయ్యగారు కళ్ళద్దాలు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. నా వైపొకసారి, మా ఆయన వైపొకసారి చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, సాక్ష్యం అయ్యాక కాపరి అనవలసిన మాట ఆయన అన్నారు. వెనక వరసల్లో ఆడవాళ్ళు ముందందుకున్నారు. షారోన్ తన అమెరికన్ యాసలో అందరికంటే గట్టిగా అరిచింది. మగవాళ్ళు ఒక్కొక్కరే కలిశారు.

నేను కదల్లేదు. సంఘమంతా మొదటి వరస వైపు తల తిప్పేదాకా ఆగాను. శాలువాలో చెమటలు కక్కుతున్న మా ఆయన లేచి నిలబడి, ఎవరికీ సరిగ్గా వినబడని గొంతుతో ఏదో అన్నాడు.

“కొంచెం గట్టిగా, బ్రదర్,” అన్నారు అయ్యగారు.

“ఆమెన్,” అన్నాడు మా ఆయన.